ముప్పై దాటాక ఎమ్మే: కిష్టారం వైపు నుంచి చూస్తే

2022 అక్టోబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయం రాజనీతిశాస్త్రంలో ఒక పీహెచ్‌డీ ప్రకటించింది. పరిశోధకురాలు దనసరి అనసూయ, జనం నోట సీతక్క. అప్పటికి ఆమెకు యాభై ఒక్కేళ్లు, ములుగు ఎమ్మెల్యేగా ఉన్నారు. పదో తరగతి చదివే వయసులో అడవి బాట పట్టి, తర్వాత ఆయుధం వదిలి, లా చదివి, వరంగల్ కోర్టులో ప్రాక్టీసు చేసి, ఎన్నికల్లో గెలుపూ ఓటమీ రెండూ చూసి, ఆ తర్వాత సిద్ధాంత గ్రంథం రాశారు. పత్రికలన్నీ ఆ ప్రయాణం గురించే రాశాయి. సిద్ధాంత గ్రంథం దేని గురించి అన్నది మాత్రం చాలా వార్తల్లో ఒక్క వాక్యంతో సరిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వలస వచ్చిన గిరిజనులు అనుభవించే వెలివేత, లేమి ఆమె అంశం. అందుకు ఆమె ఎంచుకున్నది ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయలను.

ఆ గొత్తికోయలు వచ్చింది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దక్షిణ అంచు నుంచి. సుక్మా జిల్లా కుంట బ్లాకులోని కిష్టారం ఆ అంచులోనే ఉంది. ఆ ఊరికి ఇవతల తెలంగాణ, చర్ల మండలం. ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు, బడిలో హిందీ. చర్ల, భద్రాచలం వైపు నుంచి చూస్తే సరిహద్దు అవతల మొదటి ఊళ్లు ఇవి. రాయపూర్ నుంచి చూస్తే మాత్రం రాష్ట్రానికి చిట్టచివర.

ఈ ప్రాంతపు మనుషుల గురించి ఒక పీహెచ్‌డీ వచ్చింది. ఈ ప్రాంతపు మనిషే, ముప్పై అయిదేళ్ల వయసులో, పిల్లల్నీ పొలాన్నీ చూసుకుంటూ ఒక ఎమ్మే గానీ పీహెచ్‌డీ గానీ చేయాలంటే ఏమేం కావాలి? సంసారంలో పడ్డాక పై చదువు అనే పెద్ద ప్రశ్నను ఇక్కడి నుంచి పరిశీలిస్తే, హైదరాబాదులో కూర్చుని చూసినప్పుడు కనిపించనివి చాలా కనిపిస్తాయి.

ముందుగా వయసు సంగతి. నగరంలో పెద్ద వయసు విద్యార్థి అంటే ఒకప్పుడు చదువు ఆపి, ఉద్యోగం, పెళ్లి, పిల్లల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన మనిషి. కిష్టారం చుట్టుపక్కల చదువు ఆపిన మనిషి కన్నా, చదువే తన దగ్గరికి ఆలస్యంగా వచ్చిన మనిషి ఎక్కువ. 2005 జూన్‌లో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో, సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, కొందరు శిబిరాలకు, కొందరు అడవి లోపలికి, ఇంకొందరు గోదావరి వైపు నడిచారు. బడి భవనాల్లో కొన్నిటిలో బలగాలు దిగాయి, కొన్నిటిని మావోయిస్టులు పేల్చేశారు. 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు తేల్చింది. అయిదో తరగతి పాసయినవాళ్లకు ప్రాధాన్యం ఇచ్చి తీసుకున్నామని ప్రభుత్వం చెప్పుకుంటే, అంత కొద్ది చదువున్న పిల్లలను ఆ పనికి దింపడాన్నే కోర్టు గట్టిగా ప్రశ్నించింది. ఆ ప్రాంతపు యువకుడి విద్యార్హత దేశ అత్యున్నత న్యాయస్థానంలో చర్చకు వచ్చిన సందర్భం అది.

2011 జనాభా లెక్కల నాటికి సుక్మా ఇంకా విడి జిల్లా కాలేదు, దంతేవాడలో భాగం. ఆ దక్షిణ బస్తర్ దంతేవాడ అక్షరాస్యత 42.12 శాతం, పక్కనున్న బీజాపూర్‌ది 40.86. దేశంలో అట్టడుగు వరుస అది. ఆ తర్వాతా ప్రశాంతత రాలేదు. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర మందుపాతర పేలి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. పదిహేనేళ్లకు పైగా మూతపడిన బడుల్లో 260 బడులను 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తిరిగి తెరిచింది. అందులో 97 సుక్మా జిల్లావే.

ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. 2006లో ఒకటో తరగతిలో చేరాల్సిన ఆరేళ్ల పిల్ల, ఊరి బడి మళ్లీ తెరిచేసరికి ఇరవై రెండేళ్ల మనిషి. వెదురు తడికలతో కట్టిన పోటా క్యాబిన్ ఆశ్రమ పాఠశాలలో సీటు దొరికిన పిల్లలు కొంత నయం. వాళ్లు ఎనిమిది దాకా చదివి, మరో హాస్టల్లో పన్నెండు పూర్తి చేశారు. మధ్యలో రెండు మూడేళ్లు పోయినా డిగ్రీ చేతికొచ్చేసరికి ఇరవై అయిదు, ఇరవై ఆరు. అప్పటికి పెళ్లయి ఉంటుంది. అంటే అక్కడ ఎమ్మేలో చేరే ప్రతి ఒక్కరూ దాదాపుగా సంసారంతో చేరేవాళ్లే.

దేశం ఉన్నత విద్యను కొలిచే తీరు ఈ మనిషిని లెక్కలోకి తీసుకోదు. స్థూల నమోదు నిష్పత్తిని 18 నుంచి 23 ఏళ్ల జనాభా ఆధారంగా కడతారు. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో అది 28.4. ముప్పై రెండేళ్ల విద్యార్థి నమోదైతే పైనున్న సంఖ్యలో ఒకటి పెరుగుతుంది. నమోదు కాకపోతే ఆ లోటు ఎక్కడా కనపడదు, ఎందుకంటే కింద ఉన్న జనాభా సంఖ్యలో అతను లేడు. చదవాలని ఉండీ చేరలేకపోయిన ముప్పై ఏళ్లవాళ్లు ఎందరో చెప్పే అంకె ఆ నిష్పత్తిలో దొరకదు. అయినా జనం చదువుతూనే ఉన్నారు. 2020–21 సర్వే ప్రకారం దూరవిద్యలో 45.71 లక్షల మంది ఉన్నారు, వాళ్లలో మహిళలు 20.9 లక్షలు. పగటి పని వదలకుండా చదివేవాళ్లలో ఎక్కువ మంది ఈ గుంపులోనే ఉంటారు.

ఈ దారి వేయడంలో తెలుగువాళ్లది పెద్ద చెయ్యి, ఆ సంగతి ఇప్పటి తరానికి అంతగా తెలియదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో చార్టర్ వచ్చింది, 1971లో మొదటి విద్యార్థులు చేరారు. ఆ నమూనాను మన దేశంలో మొట్టమొదట నిలబెట్టింది హైదరాబాదు. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల కాలంలో, 1982 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. తర్వాత 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి, కరీంనగర్ జిల్లా మనిషి, రాజనీతిశాస్త్ర ఆచార్యుడు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్. ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అధ్యక్షుడయ్యారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

రామ్‌రెడ్డి తరం చేసిన పనిలో గొప్పది తలుపు వెడల్పు చేయడం. బడి మెట్లు ఎక్కనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో కల్పించారు. తరగతులు ఆదివారాల్లో, ఊళ్లోని ప్రభుత్వ కళాశాల గదుల్లోనే. పాఠాలు తెలుగులో రాయించారు, అదీ ఆ విషయంలో పేరున్న ఆచార్యుల చేత. గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకాల కోసం వెతుకుతారు. డీఎడ్‌తో ఇరవై ఏళ్లకే ఉద్యోగంలో చేరిన సెకండరీ గ్రేడ్ టీచర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఎల్‌డీసీలు తెలుగు జిల్లాల్లో డిగ్రీ, పీజీ చేసింది ఎక్కువగా ఈ దారిలోనే. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ కావాలి, స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కు డిగ్రీ కావాలి. ఆ అవసరమే వాళ్లను ఆదివారం పొద్దున స్టడీ సెంటర్ బెంచీ మీద కూర్చోబెట్టింది. జీతం పెరుగుతుందని చదివినవాళ్లను తక్కువగా చూసే ధోరణి విద్యావంతుల్లో కొంత ఉంది. అది తప్పు. నలుగురు పిల్లల ఇంట్లో ఒక్క ఇంక్రిమెంటు విలువ ఎంతో తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

తలుపు వెడల్పు చేయడంలో ఒక ప్రమాదమూ వచ్చింది, పెద్ద వయసులో చదవాలనుకునే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సినది. డిగ్రీ లేకుండా నేరుగా పీజీ చేయవచ్చని కొన్ని విశ్వవిద్యాలయాలు చేర్చుకున్నాయి. అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో 2009లో సుప్రీంకోర్టు అలాంటి పీజీ చెల్లదని తేల్చింది. ఫీజు కట్టి, రాత్రుళ్లు మేలుకుని, పరీక్షలు పాసై, చివరికి ఉద్యోగం దగ్గర ఆ కాగితం పనికిరాదని తెలుసుకున్నవాళ్లు తమిళనాడులోనే కాదు, ఇక్కడా ఉన్నారు. ఇంకో వైపు, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి పద్ధతి ప్రకారం చేసిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. కాబట్టి కోర్సు ఎంచుకునే ముందు ఫీజు ఎంత అని అడగడం కన్నా ఆ ఏడాది ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందా అని చూడటం ముఖ్యం. ఏజెంట్లు ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పరు.

పీహెచ్‌డీ సంగతి వేరు. దాన్ని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేయడానికి వీల్లేదని యూజీసీ 2022 నవంబరు నిబంధనలు చెబుతున్నాయి. అవే నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తాయి. మామూలు గడువు మూడు నుంచి ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు, మహిళలకూ నలభై శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకూ ఆ పైన మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లు దాటకుండా. ప్రసూతికీ పిల్లల సంరక్షణకూ 240 రోజుల వరకు సెలవు. కాగితం మీద ఇది మంచి నిబంధన. పెద్దవాళ్ల బతుకు ఎలా నడుస్తుందో కొంత తెలిసినవాళ్లు రాసినట్టే ఉంది.

అయితే పార్ట్‌టైమ్ అభ్యర్థి తన యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పరిశోధనకు తగినంత సమయం ఇస్తామని, అవసరమైతే కోర్సు వర్క్‌కు డ్యూటీ నుంచి విడుదల చేస్తామని ఆ పత్రంలో ఉండాలి. ఇది ఉద్యోగస్తుడిని దృష్టిలో పెట్టుకుని రాసిన షరతు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు తర్వాత మొత్తం 24 నెలల దాకా స్టడీ లీవు దొరికే అవకాశం ఉంది. పోడు చేసుకునే మనిషికి యజమాని ఎవరు? తునికాకు కోసే ఆడమనిషికి నిరభ్యంతర పత్రం ఎవరివ్వాలి? సొంత రెక్కల మీద బతికేవాళ్లకు ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్ అనే రెండు గదుల్లో ఏదీ సరిపోదు.

ఫెలోషిప్‌లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, అవి నిజంగానే బతుకులు మార్చాయి. షెడ్యూల్డు తెగల పరిశోధకులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. నెట్ పరీక్ష ద్వారా వచ్చే పరిశోధక ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. బస్తర్‌లో ఒక కుటుంబం నిశ్చింతగా బతికే మొత్తం అది. కానీ జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి ముప్పై, ఎస్టీలకూ మహిళలకూ అయిదేళ్ల సడలింపుతో ముప్పై అయిదు. బడి మూతపడటం వల్ల పోయిన ఏళ్లను ఈ సడలింపు లెక్కించదు. యుద్ధం నడిచిన జిల్లాల్లో పుట్టినవాళ్లకు, ఊరి బడి ఎన్నేళ్లు మూతపడిందో అన్నేళ్లు వయసులో మినహాయింపు ఇవ్వాలని అడగటంలో అన్యాయం ఏమీ లేదు. ఏ బడి ఎప్పుడు మూతపడిందో, ఎప్పుడు తెరిచారో ప్రభుత్వం దగ్గర రికార్డు ఉంది.

సీతక్క ఉదాహరణను ఈ వెలుగులో చూడాలి. ఆమె కష్టం తక్కువది కాదు. 2020 లాక్‌డౌన్‌లో ములుగు అడవి గూడేలకు బియ్యం, కూరగాయలు మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచిన మనిషి ఆమె. పరిశోధన సాగిన కాలం, ఆ తిరుగుడు కాలం దాదాపు ఒకటే. తన అంశం కోసం ఆమె గొత్తికోయల గూడేలకు కొత్తగా వెళ్లాల్సిన పని లేదు, ఎలాగూ అక్కడే తిరిగేది. కోయ ఇంట్లో పుట్టింది కాబట్టి భాష అడ్డు కాలేదు. పెద్ద వయసు పరిశోధకులకు ఉండే బలం ఇదే. ఇరవై మూడేళ్ల విద్యార్థి ప్రశ్నావళి పట్టుకుని ఊరికి వెళ్లి తెలుసుకోవాల్సింది, నలభై అయిదేళ్ల మనిషికి పని చేస్తూనే తెలిసిపోయి ఉంటుంది. ఆమె అంశం ఎంపికలో ఆ తెలివి ఉంది. పెద్ద వయసులో పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం మరొకటి లేదు. బతుకుకు దగ్గరగా ఉన్న అంశం తీసుకుంటే, బతుకు కోసం వెచ్చించే గంటల్లో కొన్ని చదువుకూ పనికొస్తాయి.

అదే సమయంలో ఆమెకు ఉన్నవి కూడా చెప్పుకోవాలి. ఉస్మానియాకు వెళ్లిరాగల వీలు, హైదరాబాదులో నిలువ నీడ, గైడ్‌ను నేరుగా కలిసే స్థితి, అప్పటికే చేతిలో ఉన్న లా డిగ్రీ. ఆమె చేయగలిగింది కాబట్టి ఎవరైనా చేయగలరు అనే మాట వినడానికి బాగుంటుంది. నిజానికి ఆమె దాకా చేరిన ఏర్పాట్లు ఇంకెవరి దాకా చేరలేదో అన్నదే అసలు లెక్క.

పత్రికలు వయసు చూసి అబ్బురపడతాయి. నలందా ఓపెన్ యూనివర్సిటీ నుంచి 2017లో ఎమ్మే ఎకనామిక్స్ పూర్తి చేసిన రాజ్‌కుమార్ వైశ్య వయసు తొంభై ఎనిమిది. పట్నా పెద్దాయన పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ విశ్రాంత జీవితంలో చదువు, సంసారం నడిమధ్య చదువు ఒకటి కావు. అనంతపురం జిల్లాలో కూలి పనికి వెళ్తూ రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పూర్తి చేసిన మహిళ గురించి 2023లో తెలుగు నేలంతా మాట్లాడుకుంది. తెల్లవారకముందే లేచి చదువు, తర్వాత వంట, తర్వాత పొలం. అలాంటి రోజును నడపడమే కష్టం.

ఆడవాళ్లకు ఆ కష్టం ఎన్ని నిమిషాలో కూడా లెక్క ఉంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. తేడా మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ఎమ్మే చదివే మనిషికి రోజూ ఆ మూడు గంటలు దొరికితే ఇంకేమీ అడగదు. దూరవిద్య ప్రచారంలో ‘మీ వీలును బట్టి చదవండి’ అని రాస్తారు. ఇంట్లో ఎవరి వీలు ముందు చూస్తారో అందరికీ తెలుసు. అత్తగారో, ఆడపడుచో, భర్తో పొయ్యి దగ్గర నిలబడితే తప్ప ఆ వీలు రాదు. చదువుకునే కోడలికి పరీక్షల నెలలో వంట తప్పించిన ఇళ్లు తెలుగునాట లేకపోలేదు. అలాంటి ఇళ్ల గురించి ఎక్కువగా రాయాలి.

ఈ ముడిని మనలో ముందుగా విప్పినవాళ్లలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1909లో రాజమండ్రిలో పుట్టింది, ఎనిమిదేళ్లకే పెళ్లి, ఆ పెళ్లిని పెద్దయ్యాక కాదనుకుంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చాక, ఇరవైల్లో బెనారస్ నుంచి మెట్రిక్యులేషన్ రాసింది. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న అడ్డంకి వస్తే, తనతో చదివే అమ్మాయిలను కూడగట్టి వసతి ఏర్పాటు తానే చేసింది. 1942లో మద్రాసులో లా పూర్తయ్యేసరికి ముప్పై మూడేళ్లు. ఆమె తన చదువుతో ఆగలేదు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా, చదువు మధ్యలో ఆగిన పెద్దవయసు స్త్రీల కోసం 1958లో సంక్షిప్త కోర్సులు పెట్టించింది. తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేయడం, పిల్లల తల్లులు కూడా వచ్చేలా చూడటం ఆ పథకం పద్ధతి. అరవై ఏళ్లకు పైబడిన ఆ ఆలోచన పదో తరగతి మెట్టు దగ్గరే ఆగిపోయింది. పీజీ మెట్టు దాకా ఎవరూ తీసుకెళ్లలేదు.

కిష్టారం వైపు వచ్చేసరికి ఇంకో అడ్డు కలుస్తుంది, సరిహద్దు. గోదావరి వైపు వచ్చి స్థిరపడిన గొత్తికోయ కుటుంబపు కుర్రాడు ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ. తెలంగాణలో ఆ గుర్తింపు పనిచేయదు. ఇది ఒక్క అధికారి మొండితనం కాదు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుందని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పెట్టింది తెలుగు విద్యార్థే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో ఉంటూ, అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. పుట్టిన రాష్ట్రపు హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని కోర్టు తేల్చింది. ఉద్యోగం కోసం వెళ్లిన కుటుంబానికి చెప్పిన ఆ సూత్రమే, ప్రాణభయంతో రాత్రికి రాత్రి వచ్చిన కుటుంబాలకూ ఇప్పుడు వర్తిస్తోంది. కేంద్ర సంస్థల్లో ఛత్తీస్‌గఢ్ ధ్రువపత్రం పనికొస్తుంది. ఆ పత్రం కావాలంటే తండ్రి వదిలి వచ్చిన ఊరికే వెళ్లి, పటేలునూ పట్వారీనీ కలిసి తెచ్చుకోవాలి. సుక్మాలో డిగ్రీ చేసినవాళ్లు తెలంగాణలో పీజీలో చేరాలంటే టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్. వాటి కోసం జగదల్‌పూర్ దాకా ప్రయాణం, అక్కడి షహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయానికి.

ఆ విశ్వవిద్యాలయం కూడా 2008లోనే వచ్చింది. అంతకుముందు బస్తర్ మొత్తానికి సొంత విశ్వవిద్యాలయమే లేదు. కాలేజీకి వెళ్లకుండా ప్రైవేటుగా పరీక్ష రాసే పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో బాగా అలవాటు, బిలాస్‌పూర్‌లో 2005 నుంచి సుందర్‌లాల్ శర్మ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, రాయపూర్‌లో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇవన్నీ హిందీలో చదివినవాళ్లకు దారులే. అంబేద్కర్ విశ్వవిద్యాలయపు తెలుగు పుస్తకం కిష్టారం యువకుడికి చదివి వినిపిస్తే చాలావరకు అర్థమవుతుంది, కానీ ఆ లిపి అతనికి రాదు. హిందీ లిపి వచ్చు, కానీ ఇంట్లో వినే భాష అది కాదు. కోయలో పాఠం ఏ పీజీలోనూ లేదు.

పరీక్షల క్యాలెండర్ గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడాల్సింది దాని గురించే. వార్షిక పరీక్షలు మామూలుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరుగుతాయి. ఇప్పపువ్వు రాలేది అప్పుడే. చీకటి ఉండగానే చెట్టు కిందికి వెళ్లి ఏరుకోవాలి, ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఆ వెంటనే తునికాకు. యాభై ఆకుల కట్టలు వెయ్యి చేర్చితే ఒక ప్రామాణిక బస్తా, అంటే యాభై వేల ఆకులు. దానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి 5,500 రూపాయలు ఇస్తోంది. ఇంటికి ఏడాది మొత్తంలో చేతికి డబ్బు కనిపించేది ఆ కొద్ది వారాల్లోనే. ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. జూన్ అంటే తొలకరి, విత్తనం. డిసెంబరు అంటే వరి నూర్పిడి. పరీక్ష రాయాలా, పంట ఇంటికి చేర్చాలా అన్న ప్రశ్నకు ఏ ఇంట్లో అయినా జవాబు ఒకటే. హాల్ టికెట్ వచ్చినా పరీక్షకు వెళ్లకపోవడాన్ని విశ్వవిద్యాలయం ‘గైర్హాజరు’ అని రాసుకుంటుంది, కారణం రాసే గడి ఆ ఫారంలో లేదు.

దరఖాస్తు, ఫీజు, అసైన్‌మెంట్, హాల్ టికెట్ అన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే. ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి. బలగాల క్యాంపుల పక్కన టవర్లు లేచాక కొన్ని ఊళ్లకు ఆ వసతి వచ్చింది. కొన్నిచోట్ల ఇప్పటికీ గుట్ట ఎక్కాలి, లేదా సంత రోజు దాకా ఆగాలి. ఓటీపీ పది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది.

ఇన్నిటి మధ్య చదువుతున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. తిరిగి తెరిచిన బడుల్లో పాఠాలు చెబుతున్నది చాలావరకు శిక్షాదూత్‌లు, ఆ ఊళ్లలోనే పుట్టి పన్నెండో తరగతో డిగ్రీయో పూర్తి చేసిన యువతీ యువకులు. కొద్దిపాటి గౌరవ వేతనం మీద, చాలాచోట్ల పూరిపాకల్లో, పిల్లల భాషలోనే అక్షరాలు నేర్పుతున్నారు. పోలీసు ఇన్ఫార్మర్లన్న ముద్ర వేసి మావోయిస్టులు వాళ్లలో కొందరిని చంపేశారు, 2025లో కూడా ఆ హత్యలు జరిగాయి. ఆ ప్రాంతానికి రేపటి లెక్చరర్లు, పరిశోధకులు రావాలంటే రావాల్సింది ఈ బృందం నుంచే. పగలంతా బడి, సాయంత్రం పొలం, రాత్రి డిగ్రీ పుస్తకం. వాళ్లు శాశ్వత ఉద్యోగులు కారు కాబట్టి స్టడీ లీవు లేదు, నిరభ్యంతర పత్రం ఇచ్చే స్థిరమైన యజమానీ లేడు. చట్టం దృష్టిలో వాళ్లు ఉపాధ్యాయులూ కారు, రెగ్యులర్ విద్యార్థులూ కారు.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, 2024–25లో మొదటి బ్యాచ్ చేరింది. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి కిష్టారం కుర్రాడి ఛత్తీస్‌గఢ్ ధ్రువపత్రం అక్కడ చెల్లుతుంది. గొత్తికోయల గూడేలు ఆ ప్రాంగణానికి చుట్టుపక్కలే ఉన్నాయి. అది మామూలు పగటి కళాశాలగా మిగిలితే ఇరవై ఏళ్ల పిల్లలకు మేలు చేస్తుంది, అదీ మంచిదే. పెద్దవాళ్లకు కూడా పనికిరావాలంటే కొన్ని మామూలు పనులు చేస్తే చాలు. కాంటాక్ట్ తరగతులు వానాకాలపు నాట్లయ్యాక, వరికోతకు ముందు పెట్టడం. పరీక్ష కేంద్రం ఒకటి చర్లలో, ఒకటి కుంటలో తెరవడం. తల్లుల కోసం హాస్టల్లో పిల్లల గది. శిక్షాదూత్‌గా గడిపిన కాలాన్ని పని అనుభవంగా లెక్కించడం, పంచాయతీ ఇచ్చే పత్రాన్ని యజమాని పత్రంగా ఒప్పుకోవడం. వీటిలో మొదటి మూడింటికి కొత్త చట్టం అక్కర్లేదు, విశ్వవిద్యాలయ కౌన్సిల్ ఒక సమావేశంలో నిర్ణయించగలదు. చివరిదానికి మాత్రం యూజీసీ 2022 నిబంధనలో ఒక్క వాక్యం చేర్చాలి.